కంటికి మొహమాటం

"412 చూడు," అంది పెద్ద డాక్టరమ్మ, తన కుర్చీలోంచి లేస్తూ.

చిన్న డాక్టరమ్మ ఆ కుర్చీలో కూర్చుని మైక్రోస్కోపుకి కన్ను ఆనించింది. గాజుపలక మీద పేరు లేదు, నంబరే ఉంది. ఆ ల్యాబులో అది పెద్దావిడ పెట్టిన నియమం. "పేరు చూస్తే కంటికి మొహమాటం వస్తుందమ్మా. జబ్బుకి మొహమాటం లేదు," అంటుంది.

"ఎవరండీ?"

"ఆడమనిషి. యాభై ఆరేళ్ళు. థైరాయిడ్‌లో గడ్డ. నిన్న సూదితో కణాలు తీశారు. క్యాన్సరా, కాదా? అది తేలాలి."

"గడ్డ ఎప్పట్నించి?"

"ఏడాది."

"ఏడాదా! ఇన్నాళ్ళూ ఏం చేస్తోందట?"

"పనుందంది."

"మొండిఘటం. కట్టుకున్నాయన చెప్పడా?"

"చెప్తూనే ఉన్నాడట. ఈవిడే చెవిన పెట్టలేదు."

చిన్నావిడ నవ్వుతూ పలకని కాస్త జరిపింది. నవ్వు ఆగిపోయింది.

"మేడమ్, కణాలు బాగా పెద్దవి. గుంపులు కట్టాయి. క్యాన్సర్‌లాగే ఉంది. అనుమానం అని రాసేయనా?"

ఇలాంటప్పుడు పెద్దావిడ ఎప్పుడూ ఒకటే మాట అంటుంది: "ఇంకోసారి చూడు." ఇవాళ అనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"నీకేం కనబడితే అదే రాయి."

"ఇంకోసారి చూడమనరా?"

"నీ ఇష్టం."

మూడేళ్ళ అలవాటు ఊరికే పోదు. చిన్నావిడ కలం పక్కన పెట్టి మళ్ళీ వంగింది. ఈసారి పలకని ఈ చివర్నించి ఆ చివరిదాకా, పేలు చూసినట్టు చూసింది. గోడగడియారంలో పెద్దముల్లు పావు చుట్టు తిరిగింది.

"ఆగండాగండి. ఈ పక్కంతా తెల్లకణాలే. ఎక్కడ చూసినా వాపే. ఆ వాపుకే మిగతావి ఉబ్బిపోయాయి. క్యాన్సర్ కాదు మేడమ్! కంచే చేను మేసింది."

ఒంటిని కాయాల్సిన తెల్లకణాలు తిరగబడి థైరాయిడ్ మీదే పడితే ఆ ల్యాబులో అలాగే అంటారు.

"ఖాయమేనా?"

"ఖాయం. ఆర్నెల్లకోసారి స్కాన్ తీయించుకుంటే చాలు. అదైనా వేళకి చేయించుకోమనండి ఆ మహాతల్లిని."

"చెప్తాలే. సంతకం చెయ్యి."

"మీరు చెయ్యరా?"

"దీనికి నీదొక్కటే చాలు."

చిన్నావిడ సంతకం చేసి కాగితం అందించింది. "ఆవిడ వచ్చిందా, కబురు చెయ్యాలా? పాపం, పొద్దుట్నించి ఏ దేవుడికి మొక్కుకుంటోందో."

"ఏ దేవుణ్ణీ వదల్లేదు," అంది పెద్ద డాక్టరమ్మ.

తర్వాత రిపోర్టుల రిజిస్టరు దగ్గరికి లాక్కుని, 412 ఎదురుగా 'రోగి సంతకం' అన్న గడిలో గుండ్రంగా తన పేరు రాసింది.