ఉమ్మడి మెట్లు

"పోలీసులకు చెప్పుకుంటవా? పో! ఆ మెట్లు నాయి. తాళం తియ్యనంటే తియ్య!"

కైలాసం అరుపులకు శాలిబండ గల్లీలో కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. సక్కుబాయి పొయ్యి ఆర్పి, చెప్పులేసుకుని బయటికి నడిచింది. ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. ఆ రెండూ ఎప్పుడో ఎండిపోయాయి.

ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో లాయర్ మాహిరా కుర్చీ చూపించింది.

"చెప్పండమ్మా, ఏమైంది?"

"డాబా మీదికి పోయే మెట్లు రెండిండ్లకు ఉమ్మడి, మేడమ్. కైలాసం గేటు పెట్టి తాళమేసిండు. నీళ్ల ట్యాంకులు పైన్నే ఉన్నయి. వాల్వు బంద్ చేసిండు. అడిగినందుకు గడప ముంగట చెత్త పోస్తుండు. స్నానానికి పోతే తలుపు కొడుతడు. బయటికొస్తే ఫోన్ల వీడియో తీసుకుంట బూతులు తిడుతడు."

ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు, తగ్గలేదు.

"స్టేషన్‌కు పోయిన్రా?"

"పోయినం. ఇండ్ల లొల్లి, మీరే మాట్లాడుకోండి అన్నరు."

"మాట్లాడుకునుడు దాటిపోయింది గద. మెట్ల కోసం సివిల్ కోర్టుల ఇంజంక్షన్ అడుగుదం. దారి మూయొద్దని ఆర్డరొస్తది. బూతులకు, వీడియోలకు క్రిమినల్ కేసు పెడదం. స్టేషన్ల తీసుకోకుంటే పై ఆఫీసర్‌కు రాద్దం. అప్పటికీ కాకుంటే మేజిస్ట్రేట్ దగ్గరికి పోదం. ఆడోళ్లకు ఫీజు లేదు. కానీ సాక్షి ఉంటే మంచిది. గల్లీల ఎవరన్న వస్తరా?"

"రారు. కైలాసమంటే అందరికీ దడ."

"మరెట్ల?"

"నేను చెప్తా. అన్నీ నా కండ్లతోని చూసిన."

"కేసు పడ్డంక అతను ఊకుంటడా? రోజూ ఆ మొఖమే చూడాలె. ఫికర్ లేదా అమ్మా?"

"ఊకోడు. ఎరుకే."

మాహిరా పెన్ను అందుకుంది. "సరే. ఫిర్యాదు మీ పేరు మీదనే రాస్తున్న."

"నా పేరు మీద కాదు మేడమ్. వరమ్మ అని, మా పక్కింటామె పేరు మీద రాయండి. బయట బెంచీ మీద కూసున్నది. లోపలికి రానీకి భయపడుతుంది. నేనే తోలుకొచ్చిన."

"మరి మీరెవరు?"

సక్కుబాయి కొంగు భుజం మీదికి లాక్కుంది.

"కైలాసం పెండ్లాన్ని."