ఒకే ఈడు

"నవ్వకు బిడ్డా, కదలొద్దు," అంటూ గోదావరిఖని డాక్టరమ్మ పన్నెండేళ్ల హెప్సిబా మెడ మీది, నాడి కొలిచే సెన్సారు తీసి తొడ దగ్గర పెట్టింది. తెర చూసి ఆమె ముఖం మారింది.

"బీపీ మల్ల పెరిగిందా అమ్మా?" నాయనమ్మ సాయమ్మ అడిగింది.

"బీపీ ఒక్కటే కాదవ్వా. రక్తనాళాలు గట్టివడ్డయి. మీ ఈడోళ్లకు ఉన్నట్టున్నయి."

"గోలీలకు మెత్తవడయా?"

"ఇంకా గట్టివడకుంట చూస్తం. మునుపటి లెక్కనైతే కావు."

హెప్సిబా పకపకా నవ్వింది. "అయితే మనిద్దరిది ఒక్కటే ఈడు! ఇగ గోలీలు కలిసే మింగుదం అవ్వా."

సాయమ్మ నవ్వలేకపోయింది. ఈ పిల్ల పెళ్లి చూసేదాకా తనను బతికించమని ప్రతి ఆదివారం కాలనీ చర్చిలో మోకరిల్లేది. ఇప్పుడు పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ, మొదటిసారి వేరేది అడిగింది.

"ప్రభువా, నన్నే ముందుగాల తీస్కపో."