బీరువా అద్దం

“మూడింటికి గూడ నేను ఆ అర్రలకు రావద్దా?” సారవ్వ మళ్లీ అడిగింది.

“రావద్దు అత్తమ్మ. అర్రల నేనొక్కదాన్నే ఉండాలె. ఇంకో మనిషి నీడ కనపడ్డా ఇంటర్వ్యూ ఖతం అన్నరు.”

“మూడింటికి నాకు పని ఉంటది గద.”

“ఒక్కనాడు మానుకోరాదా?”

“సరే తియ్యి, మానుకుంట,” అని సారవ్వ వంటింట్లోకి వెళ్లింది. ఆ ‘సరే’ మీద కోడలు దీపకు నమ్మకం కుదరలేదు.

జపాన్‌లో వృద్ధులను చూసుకునే ఆశ్రమం ఒకటి నర్సులను వెతుకుతోంది. వాళ్లు వీడియోలో మాట్లాడి సరేనంటేనే వీసాకు కాగితాలు కదులుతాయి. దీప ఇలాంటి ఇంటర్వ్యూలు ఇప్పటికే రెండు పోగొట్టుకుంది. మొదటిదానిలో గొంతు పెగల్లేదు. రెండోదానిలో పెగిలింది కానీ ఏడుపు వచ్చింది. ఇదీ పోతే జాబితాలోంచి పేరు తీసేస్తామని శిక్షణ కేంద్రం వాళ్లు చెప్పేశారు. అప్పుడు ఎనిమిది నెలలు నేర్చుకున్న జపాను భాషను గోదావరిఖనిలో సారవ్వతో మాట్లాడుకోవాలి.

భయం దీపకు కొత్త కాదు. బల్లంటే భయం, లిఫ్టంటే భయం. ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. పొద్దున డ్యూటీకి పోతూ భర్త కిషన్ ఒక ఉపాయం చెప్పాడు. “కెమెరా సుక్క ఉంటది సూడు, దాన్నే సూసుకుంట మాట్లాడు. ఏమైనా గానీ, దాని మీదికెల్లి కన్ను తియ్యకు.”

సారవ్వ మాత్రం మొదటి నుంచీ ఒకటే పాట. “పరాయి ముసలోళ్లను సూసుడుకు గంత దూరం పోవుడెందుకు? నేను ముసల్దాన్ని గానా?”

రెండు గదుల క్వార్టర్‌లో సిగ్నల్ దొరికేది బీరువా ఉన్న గదిలోనే. దీప స్టూలు మీద బియ్యం డబ్బా పెట్టి, దానికి ఫోను ఆనించి, తలుపు దగ్గరికి వేసి కుర్చీలో కూర్చుంది.  అరచేతులు చీరకు తుడుచుకుంది.

తెరమీద కళ్లద్దాల పెద్దావిడ కనపడింది. పేరు మోరిత. పేరూ చదువూ అనుభవమూ అడిగింది. దీప చుక్కను చూస్తూ అన్నీ అప్పజెప్పింది. మూడుకు ఇంకా రెండు నిమిషాలున్నాయనగా మోరిత ముందుకు వంగి అసలు ప్రశ్న వేసింది. రాత్రి డ్యూటీలో మీరొక్కరే ఉన్నారు, పెద్ద ప్రమాదం వచ్చింది, ఏం చేస్తారు?

ఇది దీప బట్టీ పట్టిన జవాబే. మొదలుపెట్టింది. అప్పుడే బయట సైరన్ కూసింది. వెనక తలుపు కిర్రుమంది.

ఫోను మూలనున్న చిన్న బొమ్మలో దీపకు అంతా కనపడింది. సారవ్వ తిన్నగా వచ్చి, బీరువా ముందు నిలబడి, నిలువుటద్దం మీద రెండు చేతులూ ఆనించింది. కెమెరాకు ఇంతకంటే నిండుగా కనపడడం ఎవరివల్లా కాదు.

దీపకు లేచి అత్తను బయటికి పంపాలన్నా కాళ్లు రాలేదు. డబ్బా మీంచి జారుతున్న ఫోనును ఒక చేత్తో ఆపి, చుక్కనే చూస్తూ మాట్లాడుతూ పోయింది. మోరిత కళ్లు పెద్దవయ్యాయి. కుర్చీలోంచి లేచింది. ఏదో అంది కానీ మాట ముక్కలుముక్కలుగా తెగింది. రెండు అరచేతులతో కిందికి కిందికి అని సైగ చేస్తోంది.

ఆపమంటోంది, ఇక చాలంటోంది అనుకుంది దీప. గొంతు తగ్గించి జవాబు మాత్రం పూర్తి చేసింది. “వాళ్ల చెయ్యి పట్టుకుంటాను. భయపడొద్దని చెబుతాను. నేను అక్కణ్నుంచి కదలను.”

తెర నల్లబడింది.

 దీప వెనక్కి తిరిగింది.

“ఎందుకొచ్చినవ్ అత్తమ్మ?”

“మూడైంది గదనే. కాళ్లు అవే వచ్చినయి.”

“నేను పోవుడు నీకిష్టం లేదు. గందుకే వచ్చినవ్.”

సారవ్వ చాయ్ పెట్టి తెచ్చింది. అది ఈగలు ముసిరేదాకా స్టూలు మీదే ఉంది. సాయంత్రం డ్యూటీ దిగొచ్చిన కిషన్, అమ్మ చెప్పింది విని తల ఊపాడు, భార్య చెప్పింది విని తల ఊపాడు, ఎవరి పక్షమో తేలకుండా అన్నం తిని పడుకున్నాడు. దీప మాత్రం ప్రతి పది నిమిషాలకూ ఫోను తెరిచింది. తెరిచే ముందు కళ్లు మూసుకుంది.

మర్నాడు కిషన్‌కు సెలవు. అత్తాకోడళ్లకు మాటల్లేవు. మధ్యాహ్నం ముగ్గురూ బీరువా ఉన్న గదిలోనే చాయ్ తాగుతున్నారు. బయట సైరన్ కూసింది. సారవ్వ గ్లాసు కింద పెట్టి, లేచి వెళ్లి అద్దం పట్టుకుంది. మరుక్షణం పక్కనున్న ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో రోజూ మూడింటికి చేసే బ్లాస్టింగ్ జరిగింది. నేల అదిరింది. వంటింట్లో గిన్నెలన్నీ మోగాయి. సున్నం పెచ్చు ఒకటి ఊడి కిషన్ చాయ్‌లో పడింది. అతను దాన్ని వేలితో తీసేసి, “ఇయ్యాల మందు జర ఎక్కువనే పెట్టిండ్రు,” అని మిగిలింది తాగాడు.

దీప తలెత్తలేదు. చేతిలో ఫోను చిన్నగా కూస్తే మాత్రం ఉలిక్కిపడింది.

“మోరితమ్మ,” అంది.  “మెయిల్ పెట్టింది.”

“సదువు మరి,” అన్నాడు కిషన్.

“నువ్వు సదువు. నాకు భయమైతుంది.”

“నాకు జపాను రాదు గదనే.”

దీప ఒక కన్ను మూసి, ఒక్కో మాటనూ తెలుగులోకి మార్చుకుంటూ చదవసాగింది. “మీరు క్షేమమేనా? బీరువా మీ మీద పడకుండా అడ్డం నిలబడ్డ మీ అమ్మగారు క్షేమమేనా?”

“బీరువా పడుడేంది? నేను అద్దం పగులతదని పట్టుకుంట గద!” అంది సారవ్వ, అద్దం వదలకుండానే.

దీప చివరి వాక్యానికి వచ్చింది.

“అంత భూకంపంలోనూ కుర్చీలోంచి కదలని మీకు వీసా కాగితాలు పంపుతున్నాం.”