మూసిన గదిలో నల్లా

భర్త బొగ్గు బాయిలో డ్యూటీకి వెళ్లాక, రేణుక స్నానానికి నల్లా తిప్పింది. సగం బకెట్ వేడిగా నిండి, మళ్లీ నీళ్లు చల్లబడ్డాయి. వారం నుంచీ ఇదే తంతు. విసుగొచ్చి మెకానిక్ నగేశ్‌కు ఫోన్ చేసింది.

"మొన్న సూసిన గదా, గ్యాస్ గీజర్ మంచిగనే ఉందక్కా. రెండు నల్లాలు ఒక్కసారే ఇప్పితే నీళ్లు సల్లబడ్తయి. రెండో బాత్రూంల ఎవరన్న ఇప్పిన్రేమో సూడు."

రెండో బాత్రూం అత్త యాకమ్మ గదిలో ఉంది. ఆమె పోయిన నక్షత్రం మంచిది కాదని, ఆరు నెలలు తెరవకుండా ఆ గదికి తాళం వేశారు. ఇంకా మూడు నెలలే అయింది.

"ఇంట్ల నేనొక్కదాన్నే ఉన్న అన్నా."

"అయితే నీ నల్లా బందు చేసి గీజర్ సూడు. నీళ్లు పారకుంటే మంట ఆరాలె."

రేణుక నల్లా కట్టేసి వంటింట్లోకి వచ్చింది. గోడమీద గీజర్‌లో నీలం మంట వెలుగుతూనే ఉంది. ఇల్లంతా నిశ్శబ్దం. తాళం వేసిన తలుపు వెనక, చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు.

"ఆరిందా అక్కా?"

రేణుక ఆ తలుపు వైపే చూస్తోంది. అంతలో మంట దానంతట అదే ఆరిపోయింది.

లోపల బాత్రూం గడియ తీసిన చప్పుడైంది.