స్కోపులో లోపం

“ఇందులో ఏ లోపమూ లేదమ్మా,” అన్నాడు అద్దాలాయన, స్టాండు నుంచి తుపాకీ గురి చూసే స్కోపును ఊడదీస్తూ.

మూడు రోజులుగా దాన్ని పరీక్షిస్తూనే ఉన్నాడు. కొట్టు వెనక గదిలో బిగించి, ఎదురుగోడ మీది గీతల కేసి చూస్తూ, నాబును ఇరవై టిక్కులు ఎడమకూ మళ్లీ ఇరవై కుడికీ తిప్పాడు. లోపలి అడ్డగీత బయల్దేరిన చోటికే వెంట్రుకవాసి తేడా లేకుండా తిరిగొచ్చింది. చెక్కసుత్తితో తట్టినా అద్దాలు కదల్లేదు. దుర్భిణులూ మైక్రోస్కోపులూ బాగుచేస్తూ ముప్ఫై ఏళ్లు గడిపిన మనిషి. తుపాకుల సంగతి తెలియదు గానీ, అద్దం అబద్ధమాడితే పట్టుకోగలడు.

బల్లకు అటువైపు నర్సమ్మ నిలబడి ఉంది. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది, ఆసుపత్రి కార్డు ఇంకా మెడలోనే ఉంది. ఆమె, ఫ్యాక్టరీలో లేతు మేస్త్రిగా పనిచేసే ఆమె భర్త, షూటింగ్ క్లబ్బువాళ్ల ఎయిర్ రైఫిల్ ఒక్కదాంతోనే జంటల పోటీకి దిగుతారు. పదకొండేళ్లుగా కప్పు వాళ్లదే. రెండు నెలల నుంచి స్కోపు జీరో కావడం లేదని, ఎంత సరిచేసినా గుండు గురి మీద పడటం లేదని, దాన్ని ఊడదీసి పంపింది మేస్త్రే.

“బాగుందంటే సంతోషించాలి గదా. అలా అయిపోయారేం?”

నర్సమ్మ గొంతు తగ్గించింది. “లోపం స్కోపులో లేదని నాకు తెలుసండీ. నా కంట్లో ఉంది.”

సంచీలోంచి గురి అట్టలు తీసి బల్ల మీద పెట్టింది. చెదిరిన చీమల్లా ఎటు పడితే అటు చిల్లులు.

“ఆయన పొద్దున కాలుస్తారు, నేను డ్యూటీ దిగాక. ఇవి నేను కాల్చినవి, ఆయనకు ఒక్కటీ చూపించలేదు. అయినా కనిపెట్టేశారు. నా మొహం చూసే, స్కోపు చెడిందని అంటున్నారు. నన్ను కాపాడ్డానికి.”

“కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లారా?”

“మా అమ్మకు నా వయసులోనే చూపు పోయింది. డాక్టరు నోట నాకూ అదే మాట విన్నాక ఇంక రోగికి సూది ఎలా వేయను?”

“నన్నేం చేయమంటారు?”

“ఇది బాగుకాదని చెప్పండి. కొత్తది వచ్చేలోగా పోటీ అయిపోతుంది. మళ్లీ వెళ్లకపోయినా ఎవరూ అడగరు. మా ఆయన తలెత్తుకుని మానుకుంటారు. నా సంగతి మాత్రం ఆయనకు చెప్పనని మాటివ్వండి.”

అద్దాలాయన మాటిచ్చాడు.

మర్నాడు మేస్త్రి వచ్చాడు. కుడిచేయి జేబులోనే ఉంది.

“స్కోపు బాగానే ఉంది కదండీ?” అనడిగాడు రాగానే.

అద్దాలాయన తడబడ్డాడు. “అదీ...”

“పర్లేదు, దాచకండి. వణుకు నా చేతిది.” జేబులోంచి చేయి తీసి బల్ల మీద చాపాడు. వేళ్లు వణుకుతున్నాయో లేదో అద్దాలాయనకు తేలలేదు. చూడగా చూడగా వణుకుతున్నాయనే అనిపించింది.

“మా నాన్నకూ ఇలాగే మొదలైంది. చివరికి ముద్ద నోటిదాకా వచ్చేది కాదు. నా అట్టలు క్లబ్బులోనే చించి పారేస్తున్నాను. నిన్న ఫ్యాక్టరీలో రాజీనామా ఇచ్చేశాను. తిరిగే లేతు ముందు నమ్మకం లేని చేయి పెట్టకూడదు కదండీ.”

“ఇంట్లో చెప్పారా?”

“చెప్తాను, మెల్లగా. ముందు స్కోపే పాడైందని మా ఆవిడతో మీరనండి. నా వల్ల కప్పు పోయిందని తెలిస్తే పల్లెత్తు మాట అనదు. జాలిగా చూస్తుంది. అదే తట్టుకోలేను.”

నర్సమ్మ రహస్యం నాలిక చివరిదాకా వచ్చింది. మాటిచ్చిన మనిషి, మింగేశాడు. అనుమానించడానికి ఆయనకేమీ కనపడలేదు. చిన్న స్క్రూలు తన వేళ్లకూ రెండేళ్లుగా చిక్కడం లేదు. వయసు చెప్పి వస్తుందా? పాపం, ఒకే ఇంట్లో ఇద్దరికీ ఒకేసారి వచ్చింది, అనుకున్నాడు.

‘లోపలి అద్దం చెడింది. బాగుకాదు’ అని చీటీ రాశాడు.

దాన్ని తీసుకోవడానికి ఇద్దరూ కలిసే వచ్చారు. మేస్త్రి చదివి భార్యకిచ్చాడు.

“చూశావా, నేనప్పుడే అన్నాను. స్కోపే.”

“అవునండీ, స్కోపే.”

ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మెట్లు దిగారు.

ఆ తర్వాత వాళ్లు క్లబ్బు గడప తొక్కలేదు. నర్సమ్మ తనంతట తానే అడిగి పిల్లల వార్డు వదిలేసి, ఆసుపత్రి రికార్డుల గదికి మారిపోయింది. ఇన్నేళ్లూ చంటిపిల్లల్ని ఎత్తుకున్న చేతులు కాగితాల కట్టలు మోస్తున్నాయి. పట్టపగలు, ఫ్యాక్టరీ నడిచే వేళ, మేస్త్రి బస్టాపు బెంచీ మీద కూర్చుని కనపడేవాడు. అద్దాలాయన పలకరిస్తే, చేయి జేబులో పెట్టుకునేవాడు. సాయంత్రాలు ఒకే దారిన ఇంటికి పోతూ కూడా భార్యాభర్తలు రోడ్డుకు చెరోపక్క నడిచేవారు. కలిసి చేసే పని ఒక్కటే ఉండేది వాళ్లకి. అదీ పోయింది.

చెప్పేద్దామని అద్దాలాయన రెండుసార్లు కొట్టు దిగాడు. ఎవరి మాట తప్పాలో తేలక, రెండుసార్లూ వెనక్కి తిరిగాడు.

ఆరు వారాలకు క్లబ్బు స్టోరుకీపరు వచ్చాడు.

“ఆ పాత స్కోపు పారేయలేదు కదండీ? పట్టుకెళ్తాను.”

“పాడైందని రాసిచ్చాను కదా. ఎందుకది?”

“అందుకే కొత్తది తెప్పించి బిగించాం. అయినా ఎవరు కాల్చినా గుండు పక్కకే పోయింది. నిన్న రైఫిలు మొత్తం విప్పి చూడాల్సొచ్చింది.”

అద్దాలాయన తుడుస్తున్న కళ్లజోడు పక్కన పెట్టాడు. “ఏం?”

“తుపాకీ గొట్టం బిగించే స్క్రూ వదులైందండీ, అంతే.”