కుడివైపు ఖాళీ

"అన్నా, గడ్డం గియ్యి. పౌడరు మాట ఎత్తావంటే సగం గడ్డంతోనే లేచిపోతా."

సెలూన్ అన్న నోరు మూసుకుని గీశాడు.

ఆ రోజు వచ్చిన బేరం అదొక్కటే. గడ్డం గీస్తూ బలం పౌడరు గురించి చెప్తాడని వీధి వీధంతా గడ్డాలు పెంచేసింది.

రెండో కుర్చీ ఉండాల్సిన చోట పౌడరు డబ్బాలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఆ కుర్చీ అమ్మే వాటిని కొన్నాడు.

ఇదంతా ఆ పౌడరు కంపెనీలో అతన్ని చేర్చిన సారు నేర్పిన విద్య.

"పొద్దున్నే ఫోన్లో అందరికీ శుభోదయం పెట్టు. నవ్వుతున్న నీ ఫోటో పెట్టు. సరుకు పేరు మాత్రం చెప్పకు. ఎవరు పలికితే వాళ్ళని టీకి పిలువు. టీ చల్లారేలోపు మన మీటింగు హాలుకి తీసుకురా" అనేవాడు సారు.

తన కింద డబ్బు కట్టి ఫోన్లో చేరినవాళ్ళు ఎడమవైపు లెక్క. చెయ్యి పట్టుకుని హాలుకి తెచ్చినవాళ్ళు కుడివైపు. రెండు వైపులా నిండితేనే మనిషి పైకి లేస్తాడు.

ఎడమవైపు నిండింది. భార్య తరఫు వాళ్ళంతా అందులోనే ఉన్నారు. ఆమెకి పుట్టింటికి వెళ్ళే మొహం లేకుండా పోయింది.

కుడివైపు ఖాళీ. ఈ సాయంత్రంలోగా ఒక్కరినైనా తేవాలి, అదే గడువు. దాటితే ఎడమవైపూ చెరిపేస్తారు.

మానేద్దామంటే డబ్బాలు కదలనివ్వవు. సాగిద్దామంటే మనుషులు దొరకరు.

ఇక మిగిలింది చెల్లెలు.

మూతబడ్డ బట్టల ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన ఆఖరి డబ్బు ఆమె చేతిలో ఉంది. దాంతో కుట్టు మిషన్ కొనుక్కుని సొంత కొట్టు పెట్టుకోవాలని ఆమె ఆశ.

"సాయంత్రం హాలు దగ్గరికి రామ్మా. డబ్బు కూడా తెచ్చుకో. మంచి పని ఒకటి చెప్తా."

ఫోన్ పెట్టేశాక చుట్టూ ఉన్న అద్దాల్లో ఎటు చూడాలో తెలియలేదు అతనికి.

అప్పుడు ఫోన్ టింగుమంది. రోజూ అతని శుభోదయానికి తిరిగి శుభోదయం చెప్పే ఒకావిడ. ఎవరో తెలియదు.

'ఇవాళ వస్తాను బాబూ' అని ఉంది.

ప్రాణం లేచొచ్చింది.

హాలు మెట్ల కింద టీ కొట్టు. అక్కడికి వచ్చింది ఆవిడ. యాభై దాటిన మనిషి. వెలిసిపోయిన బట్టలు, చంకలో గుడ్డసంచీ.

అతను నవ్వు పులుముకుని పాఠం మొదలుపెట్టాడు.

"అదంతా నాకు కంఠతా వచ్చులే బాబూ. నేను రాకపోతే ఇవాళ ఎవరిని తెచ్చేవాడివి?"

"మా చెల్లెల్నండీ."

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టేసింది.

"రావద్దని ఆ పిల్లకి ఇప్పుడే చెప్పు. నేను చేరతాను."

"మీరు చేరితే తనెందుకు వస్తుందండీ, నేను చెప్తాగా."

"నా ఎదురుగా చెప్పు."

చెప్పాడు. ఆవిడ సంతకం పెట్టింది. సంచీలోంచి డబ్బు తీసింది.

"ఏం చేస్తుంటారండీ మీరు?"

"ఇళ్ళల్లో వంట చేస్తాను. కాస్త పోగయినప్పుడల్లా ఇలా వస్తాను."

పిచ్చి మాలోకం, నా అదృష్టం కొద్దీ దొరికింది అనుకున్నాడు సెలూన్ అన్న.

ఆవిణ్ని కిందే ఉంచి కాగితం పైకి పట్టుకెళ్ళాడు. అది చూసి సారు మొహం మాడిపోయింది.

"ఈవిడ చెల్లదు."

"డబ్బు కూడా తెచ్చింది సార్!"

"ప్రతిసారీ తెస్తుంది. కొత్త ఫోన్ నంబరుతో వస్తుంది, ఎవడో ఒకడి కింద చేరుతుంది. ఆ తర్వాత ఒక్క పురుగుని కూడా తీసుకురాదు. అక్కడితో ఆ కొమ్మ ఎండిపోతుంది."

"ఎవరు సార్ ఆవిడ?"

సారు మైకు వైరు సరిచేసుకున్నాడు.

"ఎవరైతే నీకెందుకు? మతి లేని మనిషి. నీ చెల్లెలేదీ? ఇంకా గంట టైముంది."

సెలూన్ అన్న దడదడా మెట్లు దిగాడు. డబ్బు ఆవిడ ఒళ్ళో పడేశాడు.

"నీకు వేరే పనేం లేదా? నా కొంప ముంచడానికే దొరికావా?"

"తిట్టు బాబూ. ఎంతసేపైనా తిట్టు. తిట్టినంతసేపూ ఫోన్ చెయ్యవుగా."

అతను ఫోన్ తీశాడు.

"వద్దయ్యా. మునిగితే నువ్వొక్కడివే మునుగు. దాన్ని ఒడ్డునే ఉండనీ."

"చెప్పొచ్చావు! తోడబుట్టినవాళ్ళ సంగతి నీకేం తెలుసు?"

ఆవిడ మెట్ల మీద కూలబడింది.

చెల్లెలు వచ్చింది. రమ్మన్నదీ అన్నయ్యే, రావద్దన్నదీ అన్నయ్యే, మళ్ళీ రమ్మన్నదీ అన్నయ్యే అని నవ్వుతూనే వచ్చింది. సంతకం పెట్టింది. తెచ్చిన డబ్బంతా కట్టింది.

సారు వేదిక ఎక్కాడు.

"అన్నంటే ఇలా ఉండాలి! తన కడుపు ఒక్కటే చూసుకోలేదు!"

హాలంతా చప్పట్లు. సెలూన్ అన్నకి మాత్రం చేతులు లేవలేదు.

చెల్లెలు అతని చెవి దగ్గరికి వంగింది.

"అన్నయ్యా, మెట్ల మీద ఒకావిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. 'నేనూ నీలాగే నవ్వుకుంటూ ఎక్కానమ్మా. సొంత తమ్ముడే పిలిచాడు. వాడు చేర్చిన మొదటి మనిషిని నేనే. ఉన్నదంతా పోయింది' అని ఒకటే ఏడుపు. ఎవరో ఏమిటోనని విదిలించుకుని వచ్చేశా."

సెలూన్ అన్న చెల్లెలి వైపు తిరిగాడు.

"ఆ తమ్ముడెవరో చెప్పిందా?"

"చెప్పింది, నేనే నమ్మలేదు" అంటూ చెల్లెలు వేదిక మీద మైకు పట్టుకుని నిలబడ్డ సారు వైపు చూపించింది.