పది హార్స్‌పవర్

అరవై ఏళ్ళ నాటి ఫైబర్‌గ్లాస్ పడవ ఒకటి కొని తెచ్చి, ప్రణీత రెండు చలికాలాలు నోవై ఊళ్ళోని తమ గరాజ్‌లోనే గడిపింది. పగుళ్ళు పూడ్చింది. మోటారు తగిలించే వెనక చెక్క పుచ్చిపోతే కొత్తది వేసింది. మీగడ రంగు పెయింట్ కొట్టింది. ఇక మోటారు కొనడమే మిగిలింది.

"నలభై హార్స్‌పవర్ దాకా తట్టుకుంటుంది. అదే కొందాం," అంది.

"పది చాలు," అన్నాడు భర్త రఘువీర్.

అసలే ఫ్రీవే మీద నెమ్మదిగా వెళ్ళేవాళ్ళ కుడి లేన్ వదలని మనిషి. భయపడుతున్నాడనుకుని, మనసు చంపుకుని పదే కొంది.

జూన్‌లో ఓ ఆదివారం పడవని లేక్‌లోకి దించారు. ప్రణీత అడుగంతా తడిమి చూసింది. చుక్క నీరు రాలేదు. ఇద్దరూ నవ్వుకుంటూ బయల్దేరారు.

ఇంతలో పక్కనుంచి ఓ స్పీడ్‌బోట్ దూసుకుపోయింది.

"చూశావా? నలభై పెట్టుంటే మనమూ ఈపాటికి లేక్ చుట్టేసి ఒడ్డుకి చేరేవాళ్ళం."

"చేరగానే నువ్వు ఇంకో పాత పడవ వెతుక్కుంటావు," అన్నాడు రఘువీర్. "మనం ఇలా తీరిగ్గా ఎదురెదురుగా కూర్చుని రెండేళ్ళయింది, ప్రణీతా."

 ప్రణీత చెయ్యి వెనక్కి చాపి మోటారు ఆపేసింది.